కరెంటు వైర్లో అమ్మను చూసుకున్న కేశవయ్య

బేతంచెర్లలో ఎవర్నన్నా అడగండి, మా అన్న కేశవయ్య గురించి ఒకటే చెప్తారు: "మాటంటే మాటప్పా ఆయన్ది." రైల్వే స్టేషన్ కాడ టీ అమ్మే ఆయన చెప్తాడు, లారీ ఆఫీసులో గుమాస్తా చెప్తాడు, ఆఖరికి ఆయనతో తగవు పడి మాటలు మానుకున్నోళ్లు గూడా చెప్తారు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడినాయి. ఆ మనిషికి చెల్లెలుగా పుట్టిన పాపానికి, ఆ మాట ఎట్లాంటిదో నేను చెప్తా, వినండి. నా పేరు ప్రమీలమ్మ. నన్ను వేంపల్లెలో ఇచ్చినారు, ఆడ మాకు కిరాణా అంగడి. మా పుట్టింటోళ్లకు బేతంచెర్లలో బండలు పాలీషు పట్టే ఫ్యాక్టరీ. మా నాయనకు ముగ్గురం. కేశవయ్య పెద్దోడు, నడిపిదాన్ని నేను, ధనుంజయ చిన్నోడు.

మా అన్నకు చిన్నప్పటినుంచి ఒట్లు పెట్టుకునే జబ్బు. ఒకసారి మా అమ్మ బొరుగుల ఉగ్గానిలో రవ్వంత ఉప్పెక్కువ వేసిందని ఇంగ ఈ జన్మలో ఉగ్గాని ముట్టనన్నాడు. ముట్టలే. కర్నూలు పోయే రైలు కండ్ల ముందరే కదిలిపోయిందని ఇంగ రైలెక్కనన్నాడు. ఎక్కలే. పెండ్లయినాక మా వదినెను తిరుపతికి బస్సులో తీసుకపోయినాడు, ఆ యమ్మ దావ పొడుగునా వాంతులు చేసుకుంటా పోయింది. స్టేషన్ పక్క సోమన్న బంకులో చిల్లర తక్కువిచ్చినారని ఆ సందులోనే అడుగు పెట్టనన్నాడు. దానికోసరం ఇంట్లో ఆడోళ్లు గూడా చుట్టు తిరిగి గుడికి పోవల్ల. ఒట్టు పెట్టుకునేది ఆయన, మోసేది పక్కోళ్లు. ఊరు మాత్రం "అబ్బా, ఏం పట్టుదలప్పా!" అంటాది. పట్టుదలా లేదు, పాడూ లేదు. ఒకసారి అన్నాక వెనక్కి తగ్గితే ఎవరన్నా నవ్వుతారేమోనని బయ్యం. ఉట్టి పిరికోడు.

మా నాయన పోయినాక అన్నదమ్ములు ఒక ఏడాది గూడా కలిసుండలే. ఏం కొంప మునిగిందని తగవు అంటే మీరు నవ్వుతారు. ఫ్యాక్టరీ వాకిట్లో ఏ బండ పరచల్ల అని. పెద్దోడు నల్లబండ అన్నాడు, చిన్నోడు తెల్లబండ అన్నాడు. దేశం మీద అందరి ఇండ్లలో బండలు పరపించే మొగోళ్లు, సొంత వాకిట్లో ఏది పరచాల్నో తేల్చుకోలేక ఇల్లు రెండు ముక్కలు చేసుకున్నారు. పెద్దమనుషులు వచ్చి పడసాలలో కూర్చున్నారు. ఫ్యాక్టరీ చెరిసగం, ఇల్లు చెరిసగం, ఇంటి నడుమ మూరెడు మందం రాతి గోడ. చీటీలేస్తే సింహద్వారం ఉండే సగం చిన్నోనికి పడింది. దొడ్డీ, దొడ్డి వాకిలీ పెద్దోనికి పడినాయి. మా అమ్మ పడుకునే అర్ర చిన్నోని పక్కకు పోయింది. "నన్ను ఈ అర్రలోనే ఉండనీండి, యాడికీ కదిలించొద్దండి" అనింది మా అమ్మ. సరేనన్నారు.

సింహద్వారం తమ్మునికి పోయిందని మా అన్నకు కడుపు రగిలిపోయింది. పెద్దకొడుకై పుట్టి దొడ్డి వాకిట్లోంచి పోవల్లనా అని. ఆ పెద్దమనుషుల ముందరే పళ్లెంలో కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పినాడు. "ఇంగ ఈ సింహద్వారం దాటి లోపలికి పోతే నేను మా నాయనకు పుట్టినోన్నే కాదు" అన్నాడు. మా పక్క కర్పూరం ఆర్పి అన్న మాటకు తిరుగు లేదు. కోర్టులో తీర్పన్నా మారుతాదేమో గానీ అది మారదు. మూలన కూర్చోనుండే మా అమ్మ, "ఒరే, నేనుండేది ఆ వాకిలి లోపలే గదరా" అనింది. ఆ మాట వినేటోడు ఆడ ఒక్కడు గూడా లేడు. పెద్దమనుషులు కాఫీ తాగి లేచిపోయినారు.

ఆ వారమే వీధి పక్క గోడ పగలగొట్టించి తన సగానికి కొత్త వాకిలి పెట్టించుకున్నాడు. రెండు వాకిండ్ల నడుమ దూరమెంత అనుకుంటాండారు? ఒక అరుగు. ఈ కొస నుంచి ఊడ్చుకుంటా పోతే కసువు ఎత్తేలోపల ఆ వాకిట్లో ఉంటారు. అంతే దూరం.

ఇల్లు పగిలింది గానీ కరెంటు మీటరు మాత్రం పగలలే. అది మా నాయన పేరుతో ఉండాది. రెండు మీటర్లు చేయాలంటే ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టల్ల. పైన ఎవరు పెట్టల్ల, కింద ఎవరు పెట్టల్ల? ఆడ నిలబడిపోయింది కథ. తమ్ముని పేరు కింద తన పేరు రాస్తే పెద్దోని తల తెగిపోతాది. ఆయన ముందర పెడితే నేను పెట్టేదే లేదని చిన్నోడు. ఇద్దరూ ఇద్దరే, ఎవర్ని తిట్టాల్నో తెలీదు నాకు. కాబట్టి గోడ లేచింది గానీ, మా నాయన వేయించిన వైర్లు మాత్రం ఆ గోడ కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు అట్లే పోతాండాయి. చచ్చిపోయిన మనిషి పేరు మీద ఇద్దరూ లైట్లు వేసుకుంటాండారు.

ఇట్లుండగా మా అన్న కొడుకు నాగచైతన్య ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించినాడు. కర్నూల్లో కంప్యూటర్ చదువు చదివి, నాయన దగ్గరే ఫ్యాక్టరీ పని చూసుకుంటాండాడు వాడు. మంచి పిల్లోడు, నాయన పోలిక రాలేదు, దేవుడు చల్లగా చూసినాడు. ఫోను వైరు వచ్చేది మా అన్నకు వచ్చిన సగం పడసాలలోకి. మా అన్న కూర్చునేది వెనక గదిలో. నడుమ గోడలు పాతకాలం రాతి గోడలు, మూరెడు మందం. బెజ్జం కొట్టి వైరు తీద్దామంటే మా అన్న ఒప్పుకోలే. ఈశాన్యం గోడకు బెజ్జం పడితే వంశానికి మంచిది కాదంట. తమ్ముని మీద కసితో వీధి గోడను తలుపంత పగలగొట్టినప్పుడు ఈయనకు ఏ ఈశాన్యమూ గుర్తు రాలే! వేలెడు బెజ్జానికి వచ్చేసింది వాస్తు.

పిల్లోడు బెంగళూరు పోయి చిన్న చిన్న తెల్లపెట్టెలు తెచ్చినాడు. దోమల మందు మిషన్ ఉంటాది చూడండి, ప్లగ్గులో దోపేది, అంతే ఉండాయి. ఒకటి పడసాలలో నెట్టు వచ్చే కాడ ప్లగ్గులో పెట్టల్లంట, ఇంకోటి వెనక గదిలో ప్లగ్గులో పెట్టి కంప్యూటర్‌కు తగిలించల్లంట. గోడలో ఉండే కరెంటు వైర్లోనే నెట్టు గూడా పోతాదంట. ఆ ఇంటికి వైరింగు చేసిన ఖాజా మొహిద్దీన్‌ను పిలిపిస్తే ఆయన పకపకా నవ్వినాడు. "ఆ వైరు లాగింది నేను సామీ. దాంట్లో కరెంటు తప్ప ఇంగేమీ పోదు. పోతే నా మీసం తీసేస్తా" అన్నాడు. పోయింది. మీసం మాత్రం ఇప్పటికీ అట్లే ఉండాది. మా అన్న ఒట్ల కన్నా ఆయన ఒట్టే మేలు, ఎవరికీ నష్టం లేదు.

ఊరికే పోలేదులే నెట్టు. మా అన్న ముందర ఆ పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టినాడు. తరువాత ఓల్టేజీ ఎక్కువైతే కాలిపోతాదని స్టెబిలైజర్‌కు తగిలించినాడు. పెట్టెలో లైటు వెలగలే. బెంగళూరోళ్లు నా కొడుకును మోసం చేసినారని తిట్లు లంకించుకున్నాడు. "నాయనా, స్టెబిలైజర్ దాటి అది పోలేదు, గోడ ప్లగ్గులోనే పెట్టల్ల" అని పిల్లోడు మొత్తుకోంగా మొత్తుకోంగా తీసి గోడకు పెట్టినాడు. పచ్చలైటు వెలిగింది. ఇంగ చూడండి ఆయన గొప్పలు. బండలు కొనేకి వచ్చినోళ్లందర్నీ లోపలికి పిలిచి, "మా ఇంట్లో కరెంటులోనే ఇంటర్నెట్టు వస్తాదప్పా" అని, తానే కనిపెట్టినట్ల.

ఆ ఎండాకాలం మా అమ్మ నీళ్లు పోసుకుంటా బచ్చలింట్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కర్నూలు డాక్టరు చూసి, ఈ వయసులో ఆపరేషను తట్టుకోలేదు, కదిలించకుండా చూసుకోండి అని పంపించినాడు. నేను అంగడి మా ఆయనకు అప్పజెప్పి వేంపల్లె నుంచి వచ్చేసినా. ధనుంజయ పెండ్లాము శ్రీదేవి, నేను, ఇద్దరమూ అమ్మ మంచం కాడే ఉంటిమి. కళ్లు తెరిస్తే చాలు మా అమ్మది ఒకటే మాట.

"పెద్దోడు రాలేదా మే?"

కొన్నాళ్లు బండల లోడుతో ఊరికి పోయినాడని బొంకినా. ఎన్నాళ్లు బొంకుతా? ఒకరోజు, "వాని చేత్తో ఇన్ని నీళ్లు తాగి పోతా. వాడు రానిది పానం పోయేట్ల లేదు" అనింది. మా అమ్మకు ఇంగ కావాల్సింది అదొక్కటే. సొమ్మడగలే, సుఖమడగలే. కన్న కొడుకు వచ్చి నోట్లో నీళ్లు పోయల్ల. నేను లేచి, అరుగు మీద నడుచుకుంటా మా అన్న ఇంటికి పోయినా.

"అన్నా, అమ్మ నీ పేరే కలవరిస్తాండాది. ఒక్కసారి వచ్చి మొగం చూపించు."

ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. అబద్ధం ఏంటికి చెప్పల్ల, నిజంగానే తిరిగినాయి. పైపంచతో తుడుచుకున్నాడు.

"నాకు మాత్రం ఉండదా ప్రమీలా? కర్పూరం ఆర్పినాను గదా."

"ఆర్పింది పళ్లెంలో కర్పూరమన్నా. ఆడ ఆరిపోతాండేది అమ్మ."

"ఆ ఇంటికి ఇంకో వాకిలి ఉంటే ఈ నిమిషం వస్తా. ఉండేది అదొక్కటే గదా."

"అయితే ఈ గోడ పగలగొట్టు. దీనికి అవతలే అమ్మ మంచం."

"పంచిన గోడ పగలగొడితే రెండిండ్లకూ అరిష్టం" అన్నాడు. అని, మల్లా కండ్లు తుడుచుకున్నాడు. ఆ కండ్లనీళ్లు చూస్తే నాకు ఒళ్లు మండింది. రానోడు రాకుండా ఉండల్ల, ఏడ్చేదేంటికి?

చిన్నోడేమన్నా తక్కువ తిన్నాడా? "వాకిలి తెరిచే ఉండాది గదక్కా, ఎవరొద్దన్నారు?" అంటాడు. "నువ్వు పోయి, అన్నా రా అని చెయ్యి పట్టుకొని పిల్చుకొని రారా. నువ్వు పిలిస్తే నాలుగు మెట్లు దిగుతాడేమో" అన్నా. "నేను పోయి పిలిస్తే ఆయన గెలిచినట్ల కాదా?" అన్నాడు. గెలిచేదంట! తల్లి మంచం చుట్టూ కబడ్డీ ఆడుతాండారు వీళ్లు. మీ మొగాలకు ఇన్ని బండలుండి ఏం లాభంరా, ఒకటి తీసి నెత్తిన వేసుకోండి అని తిట్టినా. శ్రీదేవి నా నోరు మూసింది, అమ్మకు వినపడతాదని.

అప్పుడు వచ్చినాడు నాగచైతన్య, జేబులో ఒక తెల్లపెట్టె వేసుకొని. ఒట్టు వాళ్ల నాయనది గాబట్టి పిల్లోడు రెండు పక్కలా తిరుగుతాడు.

"అత్తా, ఇది ఈడ పెట్టి చూస్తా. మీటరు ఒకటే గదా, వైర్లు కలిసే ఉండాయి" అన్నాడు.

మా అమ్మకు టేబుల్ ఫ్యాను పెట్టే ప్లగ్గులో ఆ పెట్టె దోపినాడు. కొంచెంసేపటికి పచ్చలైటు వెలిగింది. పిల్లోడు ఎగిరి గంతేసినాడు. ఫ్యాక్టరీలో పాత కంప్యూటరును మోసుకొచ్చి మంచం కాళ్లకాడ బల్ల మీద పెట్టి, దాని నెత్తిన చిన్న కెమెరా తగిలించి, మంచానికి ఎదురుగా తిప్పినాడు. వెనక గదిలో వాళ్ల నాయన కంప్యూటర్‌కు గూడా అట్లాంటిదే పెట్టినాడు. "అవ్వను చూస్తే నాయన మనసు కరుగుతాది అత్తా, లేచి పరిగెత్తుకొని వస్తాడు" అన్నాడు. నేను గూడా నమ్మినా.

మా అన్న ముందర అడిగింది ఏమో తెలుసా? "దీనివల్ల ఒట్టు తప్పినట్ల కాదు గదా?" అని. పూటంతా ఆలోచించినాడంట. ఆఖరికి తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. "ఒట్టు పెట్టుకునింది కాలికి గానీ కంటికి కాదు." అట్లని తలంటుకొని, బొట్టు పెట్టుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వచ్చి ఆ కంప్యూటర్ ముందర కూర్చున్నాడు.

మా అమ్మ తలెత్తి చూసింది.

"వీడు టీవీలో ఏంటికుండాడు మే?"

"టీవీ గాదు మా, అన్న నీతో మాట్లాడుతాండాడు" అన్నా.

"యా ఊర్లో ఉండావు నాయనా?" అనడిగింది.

"ఈడే మా. ఇంట్లోనే ఉండా."

"ఇంట్లో ఉంటే లోపలికి రారాదా?"

మా అన్న గొంతు సవరించుకున్నాడు. కాలరు సవరించుకున్నాడు. "మాత్రలు వేసుకున్నావా మా?" అనడిగినాడు. నాకు ఆ కంప్యూటర్‌ను ఎత్తి బచ్చలింట్లో పారేద్దామా అనిపించింది.

కరుగుతాడనుకున్న మనిషి కరగలే. హాయిగా కుదురుకున్నాడు. పొద్దున్నే పూజ చేసుకొని అమ్మను చూసేది, మధ్యాన్నం అన్నం తిని చూసేది, సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాఫీ తాగుతా చూసేది. గుండెల మీద బరువు దిగిపోయింది ఆయనకు. అంతవరకు రవ్వన్నా నిద్ర పట్టేది కాదంట, ఇప్పుడు గుర్రు పెట్టి పడుకుంటాండాడని మా వదినె చెప్పింది. వచ్చిపోయే యాపారస్తులను వెనక గదిలోకి పిలిచి, "చూడప్పా, మా అమ్మ. ఈ గోడకు అవతలే ఉండాది" అని చూపించేవాడు. ఆ సన్నాసులు, "ఆహా, ఒట్టూ పోలేదు, అమ్మా దూరం కాలేదు. ఎంత తెలివప్పా కేశవయ్యా!" అని మెచ్చుకొని పోయేటోళ్లు. మా అమ్మ నలిగిన చీరతో, నోరు తెరుచుకొని పడుకునింటే, ముక్కూ మొగం తెలీనోళ్లు వచ్చి చూసి పోయేది! సిగ్గుండల్ల.

నాగచైతన్య మొగం మాడిపోయింది. "నేనే చెడగొట్టినా అత్తా. ఈ పెట్టె లేకుంటే ఈ పాటికి తట్టుకోలేక వచ్చేవాడేమో" అన్నాడు ఒకరోజు. వాన్నేమనేది? వాడు వైరు కలిపినాడు పాపం. తెగింది వైరు కాదని వానికి తెలీదు.

ఇంగ నీళ్ల సంగతి వినండి. మా అమ్మ పెద్దోని చేతి నీళ్లు, పెద్దోని చేతి నీళ్లు అని గొణుగుతాంటే, ఈయనగారు దానికీ ఉపాయం కనిపెట్టినాడు. వెండి గిన్నెలో తులసి నీళ్లు పెట్టుకొని కూర్చొని, "ప్రమీలా, నేను ఈడ ఉద్ధరిణెతో ఎత్తి పోస్తా. నువ్వు అదే టయానికి ఆడ అమ్మ నోట్లో పొయ్యి" అన్నాడు. నేను పోయలే. "నీ చెయ్యి ఇంత పొడుగు రానీ, పోద్దువు" అన్నా. ఆయన మాత్రం ఆగలే. ఉద్ధరిణె ఎత్తి కెమెరా ముందర నీళ్లు ఒంపినాడు. అవి ఆయన బల్ల మీద పడినాయి. మా వదినె గుడ్డ తెచ్చి తుడిచింది. ఈ పక్క మా అమ్మ పిట్ట మాదిరి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్లే కొంచెంసేపు ఉండి, మూసుకునింది. శ్రీదేవి గోడ పక్కకు తిరిగి ఏడ్చింది. ఆ బొమ్మ నా కండ్లలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు శానా ఎక్కువ. రోజూ మధ్యాన్నం పోయేది. మా అన్న సగానికి ఇన్వర్టర్ ఉండాది. ఫ్యాను తిరుగుతాది, లైటు వెలుగుతాది, కంప్యూటర్ గూడా నడుస్తాది. కానీ గోడ ప్లగ్గుల్లో కరెంటు లేకుంటే ఆ తెల్లపెట్టెలు వెలగవు. ఈ పక్క ధనుంజయకు ఇన్వర్టర్ గూడా లేదు. కాబట్టి కరెంటు పోతే బొమ్మ పోతాది. మా అన్న ఆ టయానికి ఒక కునుకు తీసి, కరెంటు వచ్చినాక లేచి మల్లా కూర్చునేవాడు. అమ్మను చూసేకి గూడా కరెంటోళ్ల టైంటేబుల్ పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఒక రోజు అన్నం తినే వేళకు మా అమ్మకు ఊపిరి మారింది. పైపైకి ఎగబీలుస్తాండాది. వీధి చివర ఉండే డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకొని చూసి, "చూడాల్సినోళ్లను పిలిపించుకోండమ్మా" అని పోయినాడు. మా అమ్మ పెదాలు ఆడతాండాయి. చెవి పెట్టి వింటే, "పెద్దోడు" అంటాండాది. నేను ఆ కంప్యూటర్ పక్క తిరిగి, "అన్నా!" అని అరిచినా. అరుపు ఆగేలోపలే బొమ్మ ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది.

నేను చెప్పులు గూడా వేసుకోకుండా ఉరికినా. ఎండకు అరుగు మీద బండ పెనం మాదిరి కాలుతాండాది. మా అన్న వెనక గదిలో కుర్చీలో కూర్చోనుండాడు. ఇన్వర్టర్ గుయ్యిమంటాండాది. ఆయన ముందర కంప్యూటర్ వెలుగుతానే ఉండాది, దాంట్లో మా అమ్మ ఉండే జాగా నల్లగా ఉండాది. కొడుకు పక్కన నిలబడి, "నాయనా లెయ్యి, నాయనా లెయ్యి" అని బతిమాలుతాండాడు.

"అన్నా, అమ్మ పోతాండాది. లెయ్యి."

"కరెంటు ఎప్పుడొస్తాది?" అనడిగినాడు నన్ను.

"కరెంటుతో ఏం పనిరా నీకు! నడిచి రా! కాళ్లు లేవా?"

పెద్దోన్ని ఎప్పుడూ ఒరే అనలేదు నేను. ఆ రోజు నోట్లోంచి వచ్చేసింది. ఆయనకు అది వినపడినట్లే లేదు.

"ఊరంతా తెలుసు ప్రమీలా నేను కర్పూరం ఆర్పింది. ఇప్పుడు దాటితే నా మాటకు విలువేముంటాది?"

"అమ్మ నీళ్లడుగుతాండాది. నీ చేతి నీళ్లు. నీ మాట ఎవరడిగినారు?"

చెయ్యి పట్టుకొని లాగినా. నా కొడుకంత వయసు వాడు పిల్లోడు, వాడు గూడా రెండో చెయ్యి పట్టుకొని లాగినాడు. ఆ మనిషి కుర్చీలోంచి సగం లేచినాడు. లేచినాడు, నా కండ్లతో చూసినా. ఇంగొక్క అడుగు వేసింటే వచ్చేవాడే. ఆలోపల వాకిట్లో ఎవరో బండల యాపారి, "కేశవయ్య ఉండాడామ్మా?" అని మా వదినెను అడిగినాడు. అంతే. మా అన్న మల్లా కూర్చున్నాడు. బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. పిల్లోడు ఆ చేతులు విడిపించలేక, వదిలేసి, అవ్వ కాడికి పరిగెత్తినాడు.

నేను ఆడే నిలబడి తిడతాండా. ఏమేం తిట్టినానో గుర్తు లేదు. అప్పుడు గోడ అవతల శ్రీదేవి ఏడుపు వినపడింది. తరువాత ధనుంజయ ఏడుపు. మూరెడు మందం రాతి గోడ, అయినా బాగా వినపడింది. ఈ మొండోన్ని పిలిచేకి వచ్చి నేను గూడా మా అమ్మ ఆఖరి ఊపిరి చూసుకోలేకపోయినా. ఆ పాపం గూడా వాని నెత్తినే వేస్తా, దేవుడు అడిగితే చెప్తా.

గోడకు ఆనుకొని కూలబడినా. మా అన్న కదల్లే, ఏడవలే. కంప్యూటర్ పక్కే చూస్తాండాడు. "రానీ. కరెంటు రానీ" అంటాండాడు, నోట్లో నోట్లో.

వచ్చింది కరెంటు, అంతా అయిపోయినాక. ప్లగ్గులో పెట్టె పచ్చగా వెలిగింది. అవతల కంప్యూటర్ లేచింది, పిల్లోడు దాన్ని ఎప్పుడో కరెంటు రాంగానే దానంతటది కలిసేట్ల చేసిపెట్టినాడు. బొమ్మ వచ్చింది. దాంట్లో మంచం ఉండాది, దుప్పటి ఉండాది, తలదిండు నడుమ గుంట ఉండాది. మా అమ్మ లేదు. మా పక్క మంచం మీద పానం పోనీయరు, ఆఖరి గడియలో నేల మీదికి దించుతారు. ఆ సంగతి ఈయనకు తెలీంది కాదు, మా నాయన్ను దించినప్పుడు తల పట్టుకునింది ఈయనే.

మా అన్న వంగి వంగి చూసినాడు. ముక్కు అద్దానికి తగులుతాదేమో అన్నంత వంగినాడు.

"అమ్మ యాడ?" అన్నాడు.

"కింద పెట్టినారు" అన్నా.

తరువాత నా పక్క తిరిగినాడు. ఆ మొగంలో ఒక్క చుక్క మార్పు లేదు.

"ప్రమీలా, పిల్లోనికి చెప్పి ఆ కెమెరాను రవ్వంత కిందికి వంచమను."

నా దగ్గర తిట్లు అయిపోయినాయి. లేచి, అరుగు మీద నడుచుకుంటా పోయి, సింహద్వారం దాటి లోపలికి పోయి, మా అమ్మ పాత చీర తీసి ఆ కెమెరా మీద కప్పినా. పిల్లోడు చూసి, ప్లగ్గులోంచి పెట్టె పీకేసినాడు.

సాయంత్రం ఎత్తినారు. పెద్దకొడుకు కొరివి పట్టుకొని, తడిబట్టలతో, అరుగుకు ఆ కొసన వీధిలో నిలబడుకున్నాడు. జనమంతా ఆయన్నే చూస్తాండారు. మా అమ్మే సింహద్వారం దాటి ఆయన కాడికి వచ్చింది.